పైరవీ లెక్క వాషింగ్టన్‌లో, పత్తి బెంగ మాన్విలో

విదేశీ పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని తొలగిస్తూ కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఆగస్టు 18న ఉత్తర్వు వెలువరించింది. మరునాడే అది అమలులోకి వచ్చింది. సెప్టెంబరు 30 వరకేనని తొలుత చెప్పి, పదవ రోజున డిసెంబరు 31 దాకా పొడిగించారు. మాన్వి, సిరవార ప్రాంతాల రైతు పత్తి ఏరించి యార్డుకు తోలుకొనే నెలలు సరిగ్గా అవే. పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించిన ప్రభుత్వమే బయటి సరుకుకు తలుపులు బార్లా తెరచింది.

ఈ మినహాయింపును వస్త్ర పరిశ్రమ సంఘాలు బహిరంగంగానే కోరాయి. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే ఆ సమయంలోనే అమెరికాతో వాణిజ్య చర్చలు సాగుతున్నాయి. తమ వ్యవసాయోత్పత్తులకు భారత విపణిని తెరవాలని ఆ దేశం పట్టుబడుతున్నది. ఆగస్టు 27 నుండి మన ఎగుమతులలో అధిక భాగంపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మరి ఈ నిర్ణయంలో మన మిల్లుల మొర ఎంత, విదేశీ ఒత్తిడి ఎంత? ఎవరు ఏ అధికారిని కలిశారు? తెలుసుకొనేందుకు ఢిల్లీలో ఒక రిజిస్టరంటూ లేదు.

విచిత్రమేమంటే, మన ప్రభుత్వం అమెరికాలో చేయించుకొనే పైరవీ లెక్క మాత్రం లోకమంతటికీ తెలుసు. ట్రంప్ మాజీ సలహాదారు జేసన్ మిల్లర్ నడిపే ఎస్‌హెచ్‌డబ్ల్యూ పార్ట్‌నర్స్ సంస్థను మన రాయబార కార్యాలయం 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 18 లక్షల డాలర్లకు కుదుర్చుకున్నది. ఆగస్టులో మెర్క్యురీ పబ్లిక్ అఫైర్స్ సంస్థను నెలకు 75 వేల డాలర్లకు నియమించుకున్నది. ఇవి ఆ సంస్థలు అమెరికా న్యాయ శాఖకు సమర్పించిన పత్రాలలోని వివరాలు. నాజీ ప్రచారాన్ని కనిపెట్టేందుకు 1938లో పుట్టిన చట్టం ప్రకారం విదేశీ ప్రభుత్వాల తరఫున పనిచేసేవారు ఒప్పంద పత్రం దాఖలు చేయాలి. రాబడి, ఖర్చు, చేసిన పని ఆరు నెలలకొకసారి తెలపాలి. ఆ చట్టానికీ లొసుగులున్నాయి. గూఢచర్యాన్ని పోలిన వ్యవహారాలకే క్రిమినల్ కేసులను పరిమితం చేయాలని 2025 ఫిబ్రవరిలో అక్కడి అటార్నీ జనరల్ ఆదేశించారు. అయినా కాగితం ప్రజల ముందున్నది.

2012 డిసెంబరులో వాల్‌మార్ట్ వ్యవహారం బయటపడినదీ అమెరికా కాగితాల నుండే. భారత్‌లో పెట్టుబడి అవకాశాలు సహా పలు అంశాలపై 2008 నుండి సుమారు 2.5 కోట్ల డాలర్లు వెచ్చించినట్లు ఆ సంస్థ అక్కడి చట్టం ప్రకారం వెల్లడించగా మన పార్లమెంటు అట్టుడికింది. అదంతా అమెరికాలో పెట్టిన ఖర్చేనని సంస్థ వాదించింది. విచారణకు నియమితులైన విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్ స్పష్టమైన నిర్ధారణకు రాలేకపోయారు. ఇక్కడ నమోదే లేనప్పుడు ఏ న్యాయమూర్తి మాత్రం దేనిని తిరగేయగలరు?

స్వచ్ఛంద సంస్థకు అందే విదేశీ విరాళంపై 2010 నాటి చట్టంతో గట్టి నిఘా ఉన్నది. విదేశీ కంపెనీ ప్రతినిధి మంత్రిత్వ శాఖ మెట్లెక్కితే వివరాలు వెల్లడించాలనే చట్టమేదీ లేదు. మాన్వి రైతు పహణీని ఎవరైనా కంప్యూటరులో చూడవచ్చును. భారత పత్తి సంస్థకు సరుకు అమ్మాలంటే 2025 నుండి అతడు కపాస్ కిసాన్ యాప్‌లో భూమి వివరాలు నమోదు చేసుకోవాలి. సుంకం ఎత్తివేతకు సంబంధించిన ఫైలును 2005 సమాచార హక్కు చట్టం క్రింద అతడు అడగవచ్చు గానీ, విదేశీ సంబంధాలు, వాణిజ్య రహస్యం అనే 8వ సెక్షను మినహాయింపులు అడ్డుగా నిలువగలవు.

లాబీయింగ్ చేసేవారు పేర్లు నమోదు చేసుకొని ఖర్చు వెల్లడించాలంటూ ఒడిశా సభ్యుడు కలికేశ్ సింగ్ దేవ్ 2013లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. 2014లో సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. ఆ తరువాత ఏ ప్రభుత్వమూ అటువంటి బిల్లును సభ ముందుకు తేలేదు.