అంకె సరే, ఆధారమేది?

నెలకు 5,000 రూపాయల మ్యూచువల్ ఫండ్ సిప్, 20 ఏళ్ల గడువు, 12 శాతం రాబడి. ఈ మూడూ నొక్కితే చాలు, కట్టే 12 లక్షలు దాదాపు 50 లక్షలవుతాయని ఆన్‌లైన్ కాలిక్యులేటర్ క్షణంలో తేల్చేస్తుంది. లెక్కలో తప్పులేదు. కానీ ఆ 12 శాతానికి పూచీ ఎవరు? చాలాచోట్ల అది ముందే నింపి ఉంటుంది. దాన్ని 8కి దించితే చేతికొచ్చేది 30 లక్షల లోపే. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, అప్పటి 50 లక్షలు ఇప్పటి పదిహేనున్నర లక్షలకు సమానం. ఈ సంగతి చెప్పని కాలిక్యులేటర్ లెక్కల పనిముట్టు కాదు, అమ్మకాల ప్రతినిధి.

బీమాలో ఇది మరీ ముదిరింది. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కట్టి, 20వ ఏడాది చివర 20 లక్షలు అందుకుంటే సొమ్ము రెట్టింపయినట్టే కనిపిస్తుంది. నిజానికి గిట్టుబాటయ్యేది ఏడాదికి సుమారు నాలుగున్నర శాతం. అందులో జీవిత బీమా రక్షణ కూడా ఉందంటారు, నిజమే. రక్షణకెంత, పొదుపుకెంత అన్నది విడదీసి చూపితేనే కదా బేరం తెలిసేది! హామీలేని ప్రయోజనాలను 4, 8 శాతం అంచనాలతో ఒక పత్రంలో చూపాలన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. అయితే ఆ పత్రం చేతికందేసరికే కొనేవారి మనసు స్క్రీన్ మీది అంకెకు అతుక్కుపోయి ఉంటుంది. కాబట్టి కట్టడి కాలిక్యులేటర్ దగ్గరే మొదలవ్వాలి. రాబడి అంచనా, చార్జీలు, ద్రవ్యోల్బణం ఫలితం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫోన్ నంబరిస్తేనే ప్రీమియం చెబుతామనే పద్ధతి పోవాలి. వయసు, పొగతాగే అలవాటు ప్రీమియం లెక్కకు కావాలి; ఫోన్ నంబరు దేనికి? అవసరమైన మేరకే సమాచారం తీసుకోవాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సారం కూడా.

ఇవి అంచనాలేనని అడుగున రాశాం కదా అని సంస్థలు అనవచ్చు. ఫలితం కొట్టొచ్చినట్టు, షరతు భూతద్దం పెట్టి వెతుక్కునేట్టు ఉంటే అది చెప్పినట్టు కాదు. వివరాలెక్కువైతే సామాన్యులు తికమకపడతారన్న అభ్యంతరం మాత్రం ఆలోచించదగ్గదే. దానికి జవాబు రుణాల్లో ఉంది. 10 శాతం ఫ్లాట్ రేటుతో, అంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ వేసే పద్ధతిలో, మూడేళ్లకు తీసుకున్న అప్పును తగ్గే బాకీ మీద లెక్కగడితే వడ్డీ దాదాపు 18 శాతం. చార్జీలు కూడా కలిపిన వార్షిక రేటును కీలక వివరాల పత్రంలో చూపాలని 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. పొదుపు, బీమా కాలిక్యులేటర్లకూ అలాంటి అంకె ఒకటి కావాలి: ఖర్చులు పోను మిగిలే వార్షిక రాబడి. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, ఐఆర్‌డీఏఐ కలిసి ఇందుకు ఉమ్మడి నమూనా ఇవ్వాలి. అమ్మే సంస్థలతో పాటు కమీషన్ మీద నడిచే వెబ్‌సైట్లూ దానికి కట్టుబడాలి, తమ కమీషనెంతో అదే తెర మీద చూపాలి.