ఫలకముపై లేని పేరు

1967 జనవరి 27వ తేదీని వాషింగ్టను, లండను, మాస్కో నగరములు మూడింటను ఒకే సంధిపత్రముపై సంతకములు జరిగెను. చంద్రాది ఖగోళములు ఏ రాజ్యమునకును సొత్తు కాజాలవనియు, భూకక్ష్యలో అణ్వస్త్రములు నిలుపరాదనియు, వ్యోమగామి ఏ దేశపు పౌరుడైనను సమస్త మానవజాతికిని రాయబారి యనియు అందు వ్రాసికొనిరి. శ్వేతసౌధమున అధ్యక్షుడు జాన్సను జరిపిన ఆ ఉత్సవమునకు నీల్ ఆర్మ్‌స్ట్రాంగు మొదలగు వ్యోమగాములు కొందరు అతిథులై వచ్చియుండగా, వారి సహచరులైన గస్ గ్రిసమ్, ఎడ్వర్డ్ వైట్, రోజర్ చాఫీ అను మువ్వురు ఫ్లారిడా తీరమున, ఇంధనమైనను నింపని రాకెట్టు కొనయందలి అపోలో నౌకలో పరీక్షార్థము పరుండియుండిరి. ఆ సాయంకాలమే ఆ నౌకలో నిప్పు పుట్టెను. గది నిండ బయటి గాలి ఒత్తిడికి మించిన ఒత్తిడితో స్వచ్ఛమైన ప్రాణవాయువు. చుట్టును నైలాను వంటి మండెడు వస్తువులు. తలుపు లోపలివైపునకు మాత్రమే తెరచుకొనునది. మంటచే లోపలి ఒత్తిడి ఇంకను పెరిగి తలుపును అదిమిపట్టగా, దానిని కదలించుట ఎట్టి బలశాలికిని సాధ్యము కాకపోయెను. బయటివారు పొగలో తడవుకొనుచు తలుపు ఊడదీసి చూచునప్పటికి మువ్వురును గతించియుండిరి.

ఆ తలుపును తలచినప్పుడెల్ల నాకు మరియొక తలుపు జ్ఞప్తికి వచ్చును. అంతకు ఆరేండ్లకు ముందు, 1961 మార్చి 23న, సోవియట్ తొలి వ్యోమగామి బృందమున కెల్ల పిన్నవాడైన వలెంతిన్ బొందరెన్కో, ఇరువదినాలుగేండ్ల యువకుడు, ప్రాణవాయువు హెచ్చుగా నింపిన అల్పపీడనపు గదిలో ఏకాంతవాస పరీక్షకు లోనై యుండెను. దేహమునకు అంటించిన వైద్యపరికరములను తొలగించుకొని, ఆ చోటును ఆల్కహాలులో తడిపిన దూదితో తుడుచుకొని, దూదిని పారవేయగా అది పోయి విద్యుత్తు పొయ్యి మీద పడెను. మన యింటి గాలిలో నైనచో ఒక తడిగుడ్డతో ఆరిపోవలసిన మంట, ఆ గాలిలో క్షణమాత్రమున అతని ఉన్ని దుస్తుల నంటుకొనెను. లోపలి పీడనమునకును బయటి పీడనమునకును గల భేదముచే ఆ తలుపును వెంటనే తెరువ వీలు లేకపోయినది. కొన్ని గంటలకే అతడు ఆసుపత్రిలో కన్నుమూసెను. పిమ్మట ఇరువది దినములకు యూరీ గగారిన్ 108 నిమిషములలో అంతరిక్షయాత్ర ముగించుకొని వచ్చెను; ఆయన చిరునవ్వు భూమండలమంతటను ప్రసరించినది. బొందరెన్కో మరణమును మాత్రము 1986లో గొలొవానొవ్ అను పాత్రికేయుడు ఇజ్వేస్తియా పత్రికలో ప్రకటించుదాక సోవియట్ ప్రభుత్వము లోకమునకు తెలియనీయలేదు.

అగ్రరాజ్యముల స్పర్ధ లేనిదే మానవుడు చంద్రునిపై అడుగిడి యుండడని పెద్దలు పలుమారు చెప్పగా వింటిని. అందు సత్యము కలదని ఒప్పుకొందును. 1957 అక్టోబరు 4న సుమారు 84 కిలోల స్పుత్నిక్ గోళము ఆకసమున కూత పెట్టనిచో అమెరికా మరుసటి యేడే నాసాను స్థాపించియుండదు; గగారిన్ విజయము లేనిచో, తమ దేశీయుడొకడు పదిహేను నిమిషములు మాత్రమే అంతరిక్షమును చూచివచ్చిన దినములలో, కెనడీ అధ్యక్షుడు దశాబ్దాంతమునకు చంద్రుని చేరుదుమని ప్రతిజ్ఞ చేయ సాహసించియుండడు. కాని ఆ స్పర్ధకు చెల్లించిన మూల్యమును లెక్కించునప్పుడు ధనమును, తొందరపాటును మాత్రమే లెక్కించి, దాపరికమును విడిచిపెట్టుచున్నాము. ప్రతి ప్రయోగమును ఒక రాజ్యవ్యవస్థ ఔన్నత్యమునకు సాక్ష్యముగా చాటిన పిమ్మట, ప్రతి ప్రమాదమును ఆ వ్యవస్థకు విరుద్ధసాక్ష్యమై తోచుట అనివార్యము. అందుచేతనే స్పుత్నిక్ నిర్మాతయైన కొరొల్యోవ్ పేరును సైతము, ఆయన 1966 జనవరిలో మరణించుదాక, స్వదేశీయులకే తెలియనీయలేదు.

బొందరెన్కో వార్త తెలిసినచో గ్రిసమ్ ప్రభృతులు బ్రతికియుండెడివారని నేను ఘంటాపథముగా చెప్పజాలను. ప్రాణవాయువుతో నిండిన గదులలో అగ్నిప్రమాదములు అమెరికాలోను జరిగినవి. ఆ భయమును ఎరిగిన ఇంజనీర్లును అచ్చట నుండిరి. అయినను నివేదికలలో వ్రాసిన హెచ్చరిక వేరు, ఒక యువకుని చావు వేరు. తమవంటి శిక్షణలో నున్న తోటి వ్యోమగామి అట్టి గదిలోనే కాలిపోయెనని విన్నచో, ఆ పరీక్షను అపాయరహితమని తలచిన అధికారి ఒక్కడైనను ఆ రాత్రి నిదుర మాని తలుపును గూర్చి ఆలోచించియుండడా? ముగ్గురు పోయిన తరువాత ఆ తలుపును బయటికి, క్షణములలో తెరచుకొనునట్లు మార్చిరి. ప్రయోగవేళ గదిలో నత్రజనిని కలిపిరి. అటు సోవియట్ దేశమున, ఆ అగ్నిప్రమాదము జరిగి మూడు మాసములైనను గడువకమునుపే, ఏప్రిల్ 24న, మనుష్యరహిత పరీక్షలలో దోషములు బయటపడినను ఆగక పంపిన సోయుజ్ నౌకలో వ్లదీమిర్ కొమరోవ్, పారాచూటు విచ్చుకొనక, నేల గూలి మరణించెను.

ఆనాటి సంధిలోని అయిదవ అధికరణమును ఈ దృష్టితో మరల చదువవలసియున్నది. అంతరిక్షమున వ్యోమగాముల ప్రాణమునకు గాని ఆరోగ్యమునకు గాని హాని కలిగించు విషయమేదైనను కనుగొన్న రాజ్యము తక్షణమే ఇతరులకు తెలుపవలెనని అందు కలదు. అంతరిక్షమున కనుగొన్నది తెలుపవలెను. భూమిపై పరీక్షాగారమున ప్రాణములు తీసినది తెలుపనక్కరలేదు! 1968 నాటి రక్షణ ఒప్పందము ఆపదలో చిక్కిన వ్యోమగామికి సాయపడుమనుచున్నదే గాని, ఆపద ఎందువలన వచ్చినదో ఇతరులకు చెప్పుమనుట లేదు. ఈ లోపమును పూరింపవలెననియే నా మనవి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. 1971 జూన్ 30న తిరుగుప్రయాణమున కవాటమొకటి అకాలమున తెరచుకొని, గాలి పోయి, సోయుజ్ 11 యాత్రికులు మువ్వురు మరణించినప్పుడు, అమెరికా వ్యోమగామి టామ్ స్టాఫర్డ్ మాస్కోకు పోయి వారి అంత్యయాత్రలో భుజము పట్టెను. ఉమ్మడి యాత్రకు సంప్రదింపులు సాగుచున్నందున సోవియట్ వారు ఆ ప్రమాదకారణమును అమెరికనులకు వివరించిరి. 1975 జులైలో ఆ స్టాఫర్డే కక్ష్యలో, తెరచిన తలుపు చెంత, సోయుజ్ నాయకుడు లియోనవ్‌తో చేయి కలిపెను.

నేడు మరల చంద్రుని కొరకు పందెము మొదలైనది. 2030కి లోపున తమ వారిని అచ్చట దింపుదుమని చైనా చెప్పుచున్నది. 2011 నుండి అమెరికా శాసనము, ప్రత్యేకానుమతి లేనిదే, నాసా చైనాతో ద్వైపాక్షికముగా పనిచేయుటను నిషేధించుచున్నది. మన దేశమునకు ఇందు మాటాడు అర్హత కలదు. 1963 నవంబరు 21న మన తుంబా ప్రయోగస్థలమున అమెరికా రాకెట్టు, ఫ్రెంచి పరికరము, సోవియట్ హెలికాప్టరు ఒక్క చోట చేరినవి. మన గగనయాన వ్యోమగాములు రష్యాలో శిక్షణ పొందిరి. వారిలో శుభాంశు శుక్లా 2025లో అమెరికా నౌకలో ప్రయాణించెను. రేపు మన శ్రీహరికోట నుండి మన బిడ్డలు ఎక్కబోవు నౌక తలుపు ఎటు తెరచుకొనవలెనో, ఏ కవాటము ఎచ్చట మోసగించునో, పరుల అనుభవము నుండి తెలిసికొను హక్కు వారికి ఉండవలదా? ప్రమాదకారణములను దాచరాదను ప్రతిపాదనను ఐక్యరాజ్యసమితిలో భారతదేశమే ముందుగా పెట్టవలెనని కోరుచున్నాను.

1971 ఆగస్టులో అపోలో 15 నాయకుడు డేవిడ్ స్కాట్, చంద్రతలమున హాడ్లీ లోయ చెంత, జానెడైనను లేని అల్యూమినియము బొమ్మను, దాని ప్రక్కన ఒక ఫలకమును సద్దు చేయక ఉంచివచ్చెను. అమెరికను, సోవియట్ అను భేదము లేక అమరులైన పదునాలుగురి పేర్లు అందు ఆంగ్లాక్షరక్రమమున ఉన్నవి. అంతకు నెల దినములకు మునుపు పోయిన సోయుజ్ యాత్రికులును అందున్నారు. బొందరెన్కో పేరు లేదు, స్కాట్‌నకు తెలియదు గనుక. ఉండియున్నచో అది అందలి బెల్యాయెవ్ పేరు తరువాత వచ్చెడిది. ఆ వెనువెంటనే ఉన్నది రోజర్ చాఫీ పేరు.