ఉక్కు నగరంలో మనిషి పక్షాన: మా ప్రణాళిక

విశాఖలో మనిషి విలువను టన్నుల్లో, ర్యాంకుల్లో, షిఫ్టుల్లో లెక్కగడుతున్నారు. ఆ లెక్కకు అందని మనిషి కోసం ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. పోర్టు కళాసీలు, ఉక్కు కాంట్రాక్టు కార్మికులు, వేటకు వెళ్లే మత్స్యకారులు, బడిపంతుళ్లు, సైకాలజీ విద్యార్థులు ఇందులో ఉన్నారు.

తిండి, భద్రత, ఆప్యాయత, గౌరవం దొరికిన మనిషి తాను కాగలిగినదంతా కావాలని తపిస్తాడని మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లోనే రాశాడు. మనసు జబ్బులతో పాటు మనిషి బలాలనూ చదవాలని మార్టిన్ సెలిగ్మన్ 1998లో పిలుపునిచ్చాడు. ఈ ఊరికి ఇది పరాయి ఆలోచన కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖను నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు, యోగ సంప్రదాయంలోనూ మనస్తత్వ శాస్త్రం ఉందని జీవితమంతా వాదించారు. అతీంద్రియ అనుభవాలను పరిశీలించే పారాసైకాలజీలో ఆయన వెంట మేం నడవం. మనిషి ఎంత ఎత్తుకు ఎదగగలడన్న ఆయన ప్రశ్న మాత్రం మాదే.

మనుషులందరి మనసు లోతుల్లో తల్లి, వీరుడు లాంటి ఉమ్మడి రూపాలుంటాయని మనస్తత్వవేత్త యూంగ్ అన్నాడు; ఆ మూలరూపాలను పుస్తకాల్లోనే వెతకనక్కర్లేదు. మన ఉక్కు ప్లాంటులోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నిప్పులు కక్కే కొలిమిలో అన్నం పెట్టే తల్లిని చూసుకున్న నేల ఇది. ఈ ప్లాంటు కోసం 1966లో జరిగిన ఉద్యమంలో, అమృతరావు నిరాహార దీక్షలో, తెన్నేటి విశ్వనాథం నాయకత్వంలో, ప్రాణాలిచ్చిన 32 మందిలో తెలుగువాళ్లు వీరుణ్ణి చూశారు. వీరుడికి శిలాఫలకం వేశాం, మంచిదే. ఆ ప్లాంటు కోసమే ఊళ్లు వదిలి, పునరావాసం కింద ఇచ్చిన ఆర్ కార్డు చేతబట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయిన నిర్వాసితుల మాటేమిటి? రచయిత్రి కరోల్ పియర్సన్ తన మూలరూపాల్లో అనాథకూ చోటిచ్చింది. ఆసరా పోయినవాడు పక్కవాడి చెయ్యి పట్టుకోవడం నేర్చుకునే దశ అది. ఈ నగరం ముందుగా వినాల్సింది వాళ్ల కథే.

మూలరూపం ఎవరి నుదుటా ముద్ర కాకూడదు. పరీక్ష పెట్టి ‘నువ్వు నాయకుడివి, నువ్వు సేవకుడివి’ అని విడదీసే పద్ధతిని వ్యతిరేకిస్తాం. ఆడవాళ్లను అమ్మ అన్న ఒక్క రూపంలో బిగించే పూజనూ ఒప్పుకోం. ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట దగ్గర నిలబడి ధర తేల్చే మత్స్యకార మహిళలో తల్లి ఉంది, వ్యాపారి ఉంది, యోధురాలూ ఉంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. జీతం అందని కార్మికుడికి కృతజ్ఞత డైరీ చేతిలో పెట్టడం మా పని కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి పీల్చినవాళ్లకు సానుకూల దృక్పథం బోధించడం క్రూరత్వం. మాస్లో చెప్పిన భద్రత ఇక్కడ వేతనం, గాలి, పని చేసేచోట ప్రాణానికి పూచీ. వాటి కోసం జరిగే ప్రతి పోరాటంలోనూ మేముంటాం. అవి దక్కేదాకా పాటను, చదువును, స్నేహాన్ని వాయిదా వెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పం.

బడుల్లో ప్రోగ్రెస్ రిపోర్టులో మార్కుల పక్కన ఆ బిడ్డ ధైర్యం, దయ, కుతూహలం గురించి టీచరు నాలుగు వాక్యాలు రాయాలి. సైకాలజీ విద్యార్థులు జాలరిపేట, పెదగంట్యాడ వీధుల్లో కూర్చుని ఉత్తరాంధ్ర యాసలోనే మనుషుల మాట వినాలి. కార్మిక సంఘాల ఆఫీసుల్లో వారానికో సాయంత్రం వినే కూడిక నడుపుతాం. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ నేర్పినట్టు, అక్కడ తీర్పు చెప్పేవాళ్లుండరు. అక్కడ చెప్పుకున్నది ఏ యాజమాన్యానికీ, ఏ పార్టీకీ చేరదు. కంపెనీల నుంచి చందా తీసుకోం.