ఉప్పెన తరువాతి నవల

హన్యా యానగిహారా రాసిన ‘ఎ లిటిల్ లైఫ్’ 2015లో బుకర్ తుది జాబితా దాకా వెళ్లింది. ఏడొందల పేజీల పైచిలుకు. నలుగురు కాలేజీ స్నేహితుల కథ. వాళ్లలో జూడ్ చిన్నతనంలో పెద్దల చేతుల్లో పడ్డ హింసను ఎవరికీ చెప్పుకోడు. పేరున్న లాయరవుతాడు, డబ్బొస్తుంది, ముప్పై ఏళ్లవాణ్ని దత్తత తీసుకునే గురువు కూడా దొరుకుతాడు. విల్లెం అనే మిత్రుడు ప్రాణం పెట్టి చూసుకుంటాడు. అయినా లోపలి గాయం మానదు. రచయిత్రి బాధను మరీ గుమ్మరించిందని నా ఫిర్యాదు. చివరికొచ్చేసరికి పాఠకుడి మీద కూడా కక్ష ఉందేమో అనిపిస్తుంది. కానీ ఒక్క సంగతిలో ఆమె మొహమాటపడలేదు. స్నేహంతో జబ్బు నయం కాదు. కాదని తెలిసీ పక్కన కూర్చునేవాడున్నాడు చూడండి, ఈ పుస్తకం వాడిది.

మన గుడివాడ పక్క అంగలూరు గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుకి ఆ కూర్చునేవాడు లేడు. చనిపోతూ తండ్రి అప్పగించిన వంశప్రతిష్ఠను మోస్తూ, దగ్గరికొచ్చిన వాళ్లను తనే తరిమేసుకున్నాడు.

ఈ రెండూ చదివాక చల్లపల్లిలో ఉండేవాడికి దివిసీమ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1977 నవంబరు 19, శనివారం. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది మీద సముద్రం విరుచుకుపడింది. కనీసం పదివేల మంది పోయారు. ఏటా ఆ తేదీకి దండలు వేస్తాం, అంకె చెప్పుకుంటాం. మిగిలినవాళ్ల లెక్క ఎవరు రాశారు? తుమ్మకొమ్మనో తాటిమట్టనో పట్టుకుని తెల్లారేదాకా వేలాడిన పిల్లలు తరువాత పెళ్లిళ్లు చేసుకున్నారు, చెరువులు తవ్వించారు, మనవల్ని ఎత్తుకున్నారు. టీవీలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే మాత్రం ఆ పూట అన్నం సయించదు. కొడుకులకి అది చాదస్తం. చెప్పనక్కర్లేకుండా తెలిసేది, ఆ రాత్రి పక్క కొమ్మ పట్టుకున్నవాడికే. వాడు ఫోన్ చేస్తాడు గానీ తుపాను ఊసెత్తడు. “ఏరా, కోత మొదలెట్టావా?” అంటాడు.

అలాంటి ఇద్దరి మీద నవల కావాలి. ఉప్పెన రాత్రితో మొదలుపెట్టొద్దు, ఆ రాత్రి గురించి చాలానే విన్నాం. 1990 మే తుపానుతో మొదలుపెట్టండి. ఈసారి హెచ్చరికలు ముందే అందాయి, జనాన్ని తరలించారు, చావులు వెయ్యి లోపే ఆగాయి. అధికారులకి అది విజయమే, కాదనను. పదేళ్లప్పుడు తల్లిని నీళ్లకి పోగొట్టుకుని, ఇరవై మూడేళ్లకి లారీ ముందు నిలబడ్డవాడి సంగతేమిటి? ఎక్కాడా? మొండికేస్తే చెయ్యిపట్టి లాగిందెవరు? కథ అక్కణ్నుంచి వెనక్కీ ముందుకీ నడవాలి. ఒక్క మనవి: ఆ ఇద్దరిలో ఒకణ్ని చంపేసి మమ్మల్ని ఏడిపించొద్దు. కోడూరు, నాగాయలంక మాటతీరు తెలిసినవాళ్లు రాస్తే మంచిది. తొందరగా రాయాలి; అప్పటి పదేళ్ల పిల్లలకి ఇప్పుడు అరవై దగ్గరపడింది.