బీడీలు చేసే చేతులకు మణికట్టు బెల్టు ఉచితంగా ఇవ్వాలి

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసే అక్కలకు, చెల్లెండ్లకు. ఆ ఊళ్ళ సర్పంచులకు, వార్డు సభ్యులకు. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు ఈ విజ్ఞప్తి.

అర్ధరాత్రి దాటాక చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారి సూదులు గుచ్చినట్టుంటుంది. లేచి కూర్చుని చేతిని జాడిస్తే కాసేపటికి తగ్గుతుంది. పడుకుంటే మళ్ళీ మొదలు. ఫిజియోథెరపిస్టుగా నేను పనిచేసే చోట ఈ బాధతో వచ్చే ఆడవాళ్ళలో చాలామంది అప్పటికే ఏళ్ళ తరబడి దాన్ని మోసి ఉంటారు. ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు నరాల బలహీనతన్నారు, ఇంకొకరు గ్యాస్ అన్నారు. మెడికల్ షాపులో బీ-కాంప్లెక్స్ గోలీలు, ఊరి ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది, ఇంట్లో బామ్ రుద్దుడు. ఈలోపు బొటనవేలి కింద కండ కరిగిపోతుంది. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర జారుతుంది, జాకెట్ హుక్కు పెట్టుకోవడం కష్టమవుతుంది, చాయ్ గ్లాసు పట్టు తప్పుతుంది.

మొదటి నెలల్లోనే రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే బెల్టు కట్టుకుని ఉంటే వీళ్ళలో చాలామందికి నిద్ర దక్కేది, కొందరి చేతులు ఈ స్థితికి వచ్చేవే కావు. బీడీలు చేసే ప్రతి ఊరి పల్లె దవాఖానలో, ప్రతి పీహెచ్‌సీలో, కేంద్ర కార్మిక శాఖ నడిపే బీడీ కార్మికుల దవాఖానల్లో ఈ బెల్టులను మందుల్లాగే ఉచితంగా ఇవ్వాలి. ఇదే మా డిమాండు.

ఈ జబ్బుకు డాక్టర్లు పెట్టుకున్న పేరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలు, వాటి మీద అడ్డంగా ఒక గట్టి పట్టీ ఉంటాయి. ఆ రెండింటి నడుమ ఉన్న ఇరుకు దారిలోంచే వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటి పక్కనే మీడియన్ నరమూ వెళ్తాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం, వీటికి స్పర్శనిచ్చేది ఈ నరమే. స్నాయువుల చుట్టూ ఉన్న పొర ఉబ్బితే ఆ దారిలో చోటు చాలక నరం నలుగుతుంది. చిటికెన వేలికి స్పర్శనిచ్చే నరం వేరు, అది ఈ దారిలో వెళ్ళదు. అందుకే తిమ్మిరి చిటికెన వేలిని వదిలి మిగతా వేళ్ళలో ఉంటే అనుమానం ముందుగా మణికట్టు మీదికే పోవాలి.

ఇప్పుడు బీడీ పని చూడండి. తడి ఆరని తునికాకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి వేళ్ళ కొసలతో బిగువుగా చుట్టాలి, మూతి ముడవాలి, దారం కట్టాలి. వేళ్ళతో బలంగా నొక్కడం, మణికట్టు వంచడం, వెంటనే అదే మళ్ళీ. రోజుకు వందల సార్లు, వెయ్యి చేసేవాళ్ళయితే వెయ్యి సార్లు. బలంతో చేసే పని, ఒకే కదలిక, మణికట్టు వంపు కలిస్తే ఈ జబ్బు వస్తుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఎప్పుడో ఒప్పుకుంది. 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ పేరు ఉంది. మనం అడుగుతున్నది దయాదాక్షిణ్యం కాదు. పని వల్ల వచ్చిన జబ్బుకు సాధనం అడుగుతున్నాం.

పగలంతా పని చేస్తే బాధ రాత్రి ఎందుకు పెరుగుతుందని చాలామంది అడుగుతారు. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది. చెయ్యి చెంప కిందో, ఒంటి కిందో నలుగుతుంది. 1981లో అమెరికాలో గెల్బర్‌మన్ బృందం ఆ ఇరుకు దారిలోకి సన్నని గొట్టం పంపి పీడనం కొలిచింది. మంచి చేతిలో అది సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, జబ్బున్న చేతిలో 32. జబ్బున్న చేతినే మణికట్టు దగ్గర పూర్తిగా కిందికి వంచితే 94కు, వెనక్కి వంచితే 110కి చేరింది. ఈ అంకెలు చూశాక నాకు ఒకటే అనిపిస్తుంది: రోగి చేతిలో గోలీ పెట్టే ముందు ఆ మణికట్టును తిన్నగా పడుకోబెట్టాలి.

బెల్టు చేసేది అంతే. నరానికి మందు వేయదు, వాపును పీల్చదు. రాత్రంతా మణికట్టు వంగకుండా చూసి నరం మీద ఒత్తిడి తగ్గిస్తుంది.

అయితే ఏ బెల్టు? ఇక్కడే డబ్బు వృథా అవుతోంది. మెడికల్ షాపులో తక్కువ ధరకు దొరికే సాగే రబ్బరు పట్టీలో రేకు ఉండదు. వెచ్చగా, బిగువుగా ఉంటుంది కాబట్టి బాగుందనిపిస్తుంది, కానీ మణికట్టు వంగడాన్ని అది ఆపలేదు. బిగించి కట్టుకుంటే నలిగే నరాన్ని ఇంకా నలిపినట్టే. కావలసింది అరచేతి వైపు అల్యూమినియం రేకు ఉన్న బెల్టు. అందులోనూ మరో చిక్కుంది. చాలా బెల్టుల్లో ఆ రేకు మణికట్టును కొంచెం వెనక్కి, పైకి లేపేలా వంచి వస్తుంది. ఈ జబ్బుకు అది పనికిరాదు. రేకును తొడుగులోంచి బయటికి లాగి, బల్ల మీద పెట్టి చేత్తో నొక్కి సాపు చేసి తిరిగి దూర్చాలి. బెల్టు ఇచ్చేవాళ్ళు ఈ రెండు నిమిషాల పని చేసి ఇవ్వాలి. పెట్టె చేతిలో పెట్టి పంపేస్తే సగం పనే చేసినట్టు.

కుడిచేతికీ ఎడమచేతికీ బెల్టులు వేరు. మణికట్టు చుట్టుకొలత టేపుతో చూసి సైజు ఇవ్వాలి. పెట్టుకున్నాక వేళ్ళన్నీ పూర్తిగా పిడికిలి ముడవగలగాలి. బెల్టు అంచు అరచేతి గీత దాటి వేళ్ళ మొదళ్ళకు వచ్చిందంటే అది పెద్దది. బెల్టుకూ చర్మానికీ మధ్య ఒక వేలు దూరాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరి ఎక్కువైనా వెంటనే పట్టీ వదులు చెయ్యండి. పడుకునేటప్పుడు కట్టుకోండి, లేవగానే విప్పేయండి. కనీసం ఆరు వారాలు, ఒక్క రాత్రి మానకుండా. వారానికోసారి రేకు తీసి గుడ్డ భాగాన్ని సబ్బుతో ఉతికి ఆరబెట్టండి, లేకపోతే చెమటకు దురద వచ్చి మూలన పడేస్తారు.

బీడీలు చేస్తూ మాత్రం ఈ బెల్టు పెట్టుకోవద్దు. రేకు అడ్డుపడుతుంటే దానితో పోరాడుతూ వేళ్ళు ఇంకా బలంగా నొక్కుతాయి, భారం మోచేతికీ భుజానికీ పాకుతుంది. పగలు కావలసింది విరామం. మధ్యమధ్యన చాట పక్కన పెట్టి వేళ్ళు చాపడం, మణికట్టు తిప్పడం, ఆకు బాగా నానబెట్టి మెత్తబడ్డాకే చుట్టడం. లెక్కన కూలి ఇచ్చే పనిలో విరామమంటే డబ్బు పోవడమేనని తెలుసు. అందుకే ఈ భారమంతా కార్మికురాలి క్రమశిక్షణ మీద వేసి, దవాఖానలూ, కంపెనీలూ చేతులు దులుపుకోవడం అన్యాయం.

బెల్టు పెట్టుకుంటే చేయి చచ్చుబడుతుందని ఊళ్ళో ఒక భయం ఉంది. పగలూ రాత్రీ వారాల తరబడి కట్టి ఉంచితే కీలు బిగుసుకోవడం నిజమే. రాత్రి మాత్రమే కట్టి, పగలంతా చేత్తో పని చేసేవాళ్ళకు ఆ భయం అక్కర్లేదు.

బెల్టు అందరికీ నయం చేస్తుందని నేను చెప్పను. 2018లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ అధ్యయనం ఒకటి వచ్చింది. తక్కువ నుంచి మధ్యస్థ స్థాయి జబ్బున్న 234 మందిలో కొందరికి మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, కొందరికి రాత్రి బెల్టు ఇచ్చి చూశారు. ఆరు వారాలకు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళే ఎక్కువ మెరుగ్గా ఉన్నారు. ఆరు నెలలకు మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. త్వరగా ఉపశమనం కావాలంటే, నిపుణుడు దగ్గరుంటే, ఇంజెక్షన్ మంచిదే. మన ఊళ్ళలో ఆ నిపుణుడు బస్సెక్కి పోతే గానీ దొరకడు. సూది అవసరం లేనిది, ఆశా కార్యకర్త నేర్పగలిగేది, ఇంట్లోనే వాడుకోగలిగేది బెల్టు. మొదటి మెట్టుగా దాన్నే అడుగుతున్నాం.

మొదటి మెట్టు దగ్గరే ఆగిపోకూడదు కూడా. ఆరు వారాలు కట్టినా మార్పు లేకపోతే, పగలు కూడా తిమ్మిరి వదలకపోతే, బొటనవేలి కింద కండ పల్చబడితే, వస్తువులు జారిపోతుంటే ఇక బెల్టుతో కాలం గడపవద్దు. జిల్లా ఆసుపత్రికి వెళ్ళి నరాల పరీక్ష చేయించుకోవాలి. ఆపరేషన్ అంటే హడలిపోతారు. ఆ గట్టి పట్టీని కోసి నరానికి చోటిచ్చే చిన్న ఆపరేషన్ అది, చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు, సాధారణంగా ఆ రోజే ఇంటికి పంపుతారు. ఆలస్యమైతే ఆ ఆపరేషన్ చేసినా పోయిన బలం అంతా తిరిగి రాదు.

షుగరు, థైరాయిడ్ తక్కువ కావడం, నెలసరి ఆగిపోయే వయసు, కీళ్ళవాతం, వీటిలో ఏదున్నా ఈ బాధ వచ్చే అవకాశం ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి కూడా వస్తుంది, చాలామందికి కాన్పు తర్వాత తగ్గుతుంది. కడుపుతో ఉన్న అమ్మాయి నొప్పి గోలీలు ఇష్టం వచ్చినట్టు మింగకూడదు కాబట్టి ఆమెకు బెల్టు మరీ అవసరం.

నొప్పి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండి, బిడ్డను ఎత్తుకున్నప్పుడో గుడ్డలు పిండినప్పుడో ఎక్కువైతే అది వేరే జబ్బు. దానికి బొటనవేలిని కూడా పట్టి ఉంచే బెల్టు కావాలి. ఇక చేయి ఆనించి కింద పడి మణికట్టు నొచ్చితే బెల్టు కొనుక్కుని సరిపెట్టుకోవద్దు, ఎక్స్‌రే తీయించుకోండి. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. అది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి పది, పద్నాలుగు రోజులకు మళ్ళీ తీస్తారు. రక్తప్రసరణ తక్కువున్న ఎముక కావడంతో, వదిలేస్తే అతకకుండా ఉండిపోవచ్చు.

ఖర్చు మాటకొస్తే, రేకున్న బెల్టు కొన్ని వందల రూపాయల వస్తువు. బీడీలు చేసే ఆడమనిషికి అది ఒకటి రెండు రోజుల కూలి. ఆమె ఆ డబ్బుతో ముందు పిల్లల ఫీజు కడుతుంది, బియ్యం తెస్తుంది, తన చేయి ఆఖరున. దవాఖానకు మాత్రం ఇది టోకుగా కొని నిల్వ పెట్టుకోదగిన వస్తువు. పాడైపోదు, ఫ్రిజ్ అక్కర్లేదు.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది 1976లో. బీడీల మీద వసూలు చేసిన సెస్సుతో దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఇళ్ళ సాయం నడిచాయి. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు రద్దయింది. సెస్సు పోయింది గానీ చేతుల నొప్పి పోలేదు. కేంద్ర కార్మిక శాఖ తన బీడీ దవాఖానల మందుల జాబితాలో మణికట్టు బెల్టు చేర్చాలి. రాష్ట్ర ప్రభుత్వం పల్లె దవాఖానలకు పంపాలి. ఈ చేతుల మీద లాభం తీసే బీడీ కంపెనీలు కార్ఖానాల్లో ఆకు, తంబాకు ఇచ్చే రోజునే అవసరమైనవాళ్ళకు బెల్టు కూడా ఇవ్వాలి.

ఎవరికి ఇవ్వాలో వెతకడం కష్టమేమీ కాదు. బీడీ కార్మికులకు రాష్ట్రం పింఛను ఇస్తోంది, ఆ జాబితా ఉంది. పీఎఫ్ లేక ఆ జాబితాకెక్కని వాళ్ళు ఎవరో ఆశా కార్యకర్తకు ఇంటింటా తెలుసు. ముప్పై దాటినవాళ్ళకు షుగరు, బీపీ చూసే రోజున ఇంకొక్క ప్రశ్న వేస్తే చాలు: రాత్రి చేతులు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? అవునంటే రెండు చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి నిమిషం ఉంచమనాలి. ఆ నిమిషంలో వేళ్ళలో తిమ్మిరి మొదలైతే పేరు రాసుకుని డాక్టరు దగ్గరికి పంపాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, ఒక పూట శిక్షణ చాలు.

పొగాకు ప్రాణాలు తీస్తుందనీ, ఈ పనికి బదులు వేరే పని చూపించాలనీ అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాట సరైనదే, ఆ పని చూపించాల్సిందే. అది వచ్చేదాకా ఈ చేతులు రాత్రుళ్ళు మేల్కొనే ఉండాలా?

అక్కలారా, మీ ఊళ్ళో జరిగే వచ్చే గ్రామసభకు కలిసి వెళ్ళండి. తిమ్మిర్లున్నవాళ్ళ పేర్లు, వయసు, ఏ చేయి, ఎన్ని నెలల నుంచి అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకుపోండి. పల్లె దవాఖానలో మణికట్టు బెల్టులు ఉంచాలని తీర్మానం రాయించండి. ఆ తీర్మానం, పేర్ల కాగితం పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని నకలు మీ దగ్గర పెట్టుకోండి. నెలలో జవాబు రాకపోతే ఆ నకలు పట్టుకుని కలెక్టరేట్‌లో ప్రజావాణికి నలుగురూ కలిసి వెళ్ళండి.