ఋషికుల్యా తీరమున నేర్వదగిన పాఠము

విహారయాత్ర యనగానే మన విద్యార్థులకు మొదట స్ఫురించునది నందనకాననము. అచటి తెల్లపులులను చూచుట వేడుకయే. కాని మన గంజాం జిల్లాలోనే, ఋషికుల్యా నది సముద్రమున గలియుచోట, బోనులు లేని వింత యొకటి కలదు. దానిని చూడకయే బడి విడిచిపోవుట మన పిల్లలకు లోటని నా యభిప్రాయము.

ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్లు శీతకాలాంతమున గుంపులు గుంపులుగా ఈ యిసుకతిన్నెల కెక్కి గ్రుడ్లు పెట్టును. 2025 ఫిబ్రవరిలో ఇట్లు వచ్చినవి 6 లక్షలకు పైమాటయే. ఒక్కొక్క తల్లి మూరెడు లోతు గుంట త్రవ్వి, 100కు పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి కడలి చేరును. సుమారు 50 దినములకు పిల్లలు వెలువడి, నీటిపై మెరయు వెలుగును గుర్తుగా గొని అలలవైపు ప్రాకును. ఒడ్డున దీపము వెలిగినచో దానినే కడలి యని భ్రమించి త్రోవ తప్పును. కావున చూడబోవువారు అటవీశాఖ వారి యనుమతితో, దీపము లేక, సద్దు సేయక, దూరముగా నిలువవలెను. ఇంతకు మించిన క్రమశిక్షణ తరగతి గదిలో దొరకునా?

తాబేలు ఊపిరికై నీటిపైకి రావలసినదే. మరపడవల వలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. అందుచేత ఏటేట నవంబరు 1 మొదలు మే 31 వరకు ఈ నదీముఖమున 20 కిలోమీటర్ల మేర చేపలవేట నిషిద్ధము. ఆ యేడు నెలల బరువు మోయువా రెవరు? నోలియాలని పిలువబడుచు, తరతరములుగా ఈ తీరమున తెలుగు మాటలాడుచున్న మన జాలరులు. శాస్త్రజ్ఞులు ఈ తాబేళ్ల రాకను 1994లో గుర్తించిరి. జాలరు లంతకు మున్నే యెరుగుదురు.

నిషేధమును సడలింపుమని నే ననను. తాబేలును కాపాడుట అందరి ధర్మమైనపుడు, దాని వెల నొక్క జాలరియే చెల్లించుట న్యాయము గాదందును. ప్రభుత్వ మిచ్చు సాయము వేళకు చేరవలెను. ఆ కుటుంబమునకు చాలవలెను.

కావున యాత్రలో ఒక పూట తాబేళ్లకును, ఒక పూట జాలరిపల్లెకును కేటాయింపవలెను. గాలిని, పోటును, చేపలను గూర్చి అచటి పెద్దల నోట నున్న తెలుగు మాటలు పెక్కు మన వాచకములలో లేవు. విద్యార్థులారా, వానిని వ్రాసికొని రండు. తలిదండ్రులారా, ఆ యొక్క రాత్రికి బిడ్డలను పంపుటకు వెనుదీయకుడు.