కల్లు కుండకు మూత లేదు కదా!

"ఆక్సిజన్ లేనప్పుడు ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది." పరీక్షలో ఈ వాక్యం రాస్తే మార్కులు వస్తాయి. కాని దీన్ని కంఠస్థం చేసి ఊరుకోవడం సైన్సు చదవడం కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతంలో తాటిచెట్లు ఎన్నో. పార్వతీపురం మన్యంలో జీలుగు చెట్లూ ఉన్నాయి. చెట్టుకు కట్టిన కుండ మూతి తెరిచే ఉంటుంది. గాలి తగులుతూనే ఉంటుంది. అయినా తియ్యని రసం కొన్ని గంటల్లోనే నురగలు కక్కుతూ పులిసి కల్లవుతుంది. మరి ఆక్సిజన్ లేనిదెక్కడ?

ముందు లెక్క చూడండి. లీటరు తాటి రసంలో సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. దాన్ని శ్వాసక్రియలో పూర్తిగా దహించాలంటే ఈస్టుకు 100 గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. కాని లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే! పైనుంచి కరిగేది చాలదు. పైకి లేచే కార్బన్ డై ఆక్సైడ్ బుడగలు ఉన్నదాన్ని కూడా తరిమేస్తాయి. అంటే మూత లేని కుండలో కూడా ఈస్టుకు ఆక్సిజన్ కరువే.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆక్సిజన్ అందితే ఈస్టు తక్కువ చక్కెరతోనే ఎక్కువ పెరుగుతుందని 1861లో లూయీ పాశ్చర్ చూపాడు. అయితే చక్కెర మరీ ఎక్కువగా ఉంటే, గాలి బాగా ఊదినా రొట్టెల ఈస్టు ఆల్కహాల్ తయారు చేస్తూనే ఉంటుంది. దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. పైగా ఆల్కహాల్ తయారీకి ఆక్సిజన్ అక్కర లేకపోయినా, ఈస్టు తన కణత్వచానికి కావలసిన ఎర్గోస్టెరాల్ వంటి కొవ్వు పదార్థాలను తయారు చేసుకోవడానికి కొద్దిపాటి ఆక్సిజన్ కావాలి. ఆండ్రియాసెన్, స్టియర్ అనే శాస్త్రవేత్తలు 1953-54లో ఈ సంగతి తేల్చారు. బొత్తిగా గాలి లేకపోతే కొన్ని తరాల తర్వాత ఈస్టు వృద్ధి ఆగిపోతుంది.

కాబట్టి పాఠంలోని వాక్యం తప్పు కాదు, అసంపూర్ణం. కుండను చూసిన పిల్లవాడికి సందేహం రావడమే సరైనది.

"బడిలో కల్లు మాటెందుకు? పిల్లలు చెడిపోతారు" అనే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. 180 గ్రాముల గ్లూకోజు పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. ఆ ఆల్కహాల్ ఈస్టు విసర్జించే పదార్థం. మోతాదు మించితే ఈస్టునే చంపుతుంది. ఇది తెలిసిన విద్యార్థి తాగుడుకు దగ్గరవుతాడా, దూరమవుతాడా?

ఇంకో మాట. కల్లుగీత కుటుంబాల పిల్లలు కొందరు తండ్రి వృత్తి చెప్పడానికి తరగతిలో సిగ్గుపడతారు. కుండలో సున్నం పూస్తే రసం పులియదనీ, పాత మడ్డి ఉంటే తొందరగా పులుస్తుందనీ ఆ ఇళ్ళలో తెలుసు. సున్నం రసాన్ని క్షారంగా మార్చి సూక్ష్మజీవులను అణచివేస్తుంది. మడ్డిలో బతికున్న ఈస్టు ఉంటుంది. ఈ అనుభవం సైన్సు కాదా? దాన్ని తరగతిలోకి రానివ్వకపోతే నష్టం ఆ పిల్లలకే కాదు, మనందరికీ.

మీరే పరీక్షించండి. రెండు సీసాల్లో ఒకే కొలతతో చక్కెర నీళ్ళు, రొట్టెల ఈస్టు వేయండి. ఒకదానిపై నూనె పొర పోయండి. రెండిటికీ పలుచని గుడ్డ కట్టండి. బిరడా బిగించవద్దు, సీసా పగిలిపోగలదు. మర్నాడు రెండిటి వాసన చూడండి. రుచి మాత్రం చూడవద్దు. ఏం గమనించారో రాసి మీ మాస్టారికి చూపించండి. పుస్తకంలో ఉన్నదానికీ మీ సీసాలో జరిగినదానికీ తేడా కనిపిస్తే, ధైర్యంగా అడగండి.